సౌండెప్పుడొస్తందో సెప్పు

మాది సాలూరు, లారీల ఊరు. విజయనగరం నుంచి వచ్చే హైవే మా ఊరు దాటాక ఘాట్ ఎక్కి, సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ వెళ్తుంది. ఇప్పుడు దాని నంబరు 26. పెద్దవాళ్లు మాత్రం ఇంకా 43 అనే అంటారు. సీఎస్ఈ వాడు గేర్ల గురించి రాయడమేంట్రా అని మెకానికల్ ఫ్రెండ్స్ నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, కానీ మధ్యలో లెక్కలున్నాయి, అవి మనవే.

మా మావయ్యకి ఒక పాత వ్యాన్ ఉంది. రామభద్రపురం మార్కెట్లో కూరగాయలు ఎక్కించి పొట్టంగి వైపు వేస్తాడు. ఇల్లు దాని మీదే నడుస్తుంది. ఈ వేసవిలో అది వెనక నుంచి ఊళ పెట్టడం మొదలుపెట్టింది. మేస్త్రి దగ్గరికి తీసుకెళ్తే స్పానర్ ముట్టలేదు. "సౌండెప్పుడొస్తందో సెప్పు బాబూ, ఎక్కడొస్తందో నాను సెప్తాను" అన్నాడు. ఇంతకంటే మంచి డీబగ్గింగ్ పాఠం నాకు క్లాసులో దొరకలేదు.

ముందు డిఫరెన్షియల్ అంటే ఏంటో చూద్దాం. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం వెళ్లాలి. రెండింటినీ ఒకే ఇరుసుకి బిగిస్తే ఏదో ఒకటి రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. అందుకని వెనక చక్రాలతో నడిచే వ్యాన్లలో ఇరుసు మధ్య ఆ గుండ్రటి డబ్బా ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ చివరి పినియన్, పెద్ద క్రౌన్ చక్రాన్ని తిప్పుతుంది. క్రౌన్‌తో పాటు తిరిగే చిన్న గేర్లు ఆ తిప్పుడుని రెండు చక్రాలకీ పంచుతాయి. సూత్రం ఒక్కటే: ఎడమ చక్రం చుట్లు, కుడి చక్రం చుట్లు కలిపితే క్రౌన్ చుట్లకి రెట్టింపు.

ఇప్పుడు మేస్త్రి ప్రశ్నకి వద్దాం. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే ఊళ వస్తే, పళ్లలో బండిని లాగే వైపు ముఖం అరిగిందని అనుమానించాలి. కాలు తీసినప్పుడే వస్తే రెండో వైపు ముఖం, లేదా పినియన్ బేరింగ్ లూజు. ఎప్పుడూ గరగరమంటూ స్పీడుతో పాటు పెరిగితే బేరింగులు. స్టీరింగ్ కాస్త అటూఇటూ తిప్పితే గరగర మారిందా, అది చక్రం బేరింగ్ కావచ్చు, డిఫరెన్షియల్ విప్పక్కర్లేదు. మలుపులోనే టకటక వస్తే లోపలి చిన్న గేర్లు. బండి కదిలేటప్పుడు ఒక్కసారి 'టక్' అంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ చూడాలి, అది చవకలో పోయే పని.

మావయ్య బండి ఎక్కేటప్పుడూ ఊళ పెట్టేది, దిగేటప్పుడూ పెట్టేది. ఘాట్ సంగతి అదే. ఎక్కేటప్పుడు పళ్ల ఒక ముఖం నలుగుతుంది. చిన్న గేర్లో ఇంజన్ బ్రేకింగుతో దిగేటప్పుడు రెండో ముఖం నలుగుతుంది.

ఆయిల్ దించితే అడుగున ఉన్నది వెండి రంగు పేస్టు కాదు, పలుకులు. సన్నటి పేస్టు అయితే మామూలు అరుగుదల. పలుకులంటే పన్ను ఎక్కడో విరుగుతున్నట్టే. విప్పి చూస్తే పినియన్ పళ్ల అంచులు లేచిపోయాయి, క్రౌన్ మాత్రం పైకి బాగానే కనిపిస్తోంది. మావయ్య వెంటనే "పినియన్ ఒక్కటే మార్చేద్దాం" అన్నాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. ఎందుకో నేను పళ్లు లెక్కపెట్టాక అర్థమైంది.

పినియన్‌కి 8, క్రౌన్‌కి 41. గసాభా ఒకటి, అదే మన జీసీడీ. కాబట్టి పినియన్‌లో ఒక పన్ను క్రౌన్‌లోని 41 పళ్లనీ వరసగా తాకుతుంది, పినియన్ 41 చుట్లు తిరిగాకే మొదటి జత మళ్లీ కలుస్తుంది. అదే 8, 40 అయ్యుంటే ఒక్కో పన్నుకి ఎప్పుడూ అవే ఐదు పళ్లు. ఎక్కడైనా చిన్న లోపం ఉంటే అవే అవే దెబ్బ తింటాయి. 41 వల్ల అరుగుదల అందరికీ సమంగా పంచబడుతుంది. అంటే ఆ పాడైన పినియన్ ప్రతి క్రౌన్ పన్నునీ లక్షలసార్లు తాకే ఉంటుంది! పైగా ఫ్యాక్టరీలోనే ఆ రెండింటినీ ఒకదానితో ఒకటి రాపిడి పెట్టి జత చేస్తారు. పెళ్లైన జంట అన్నమాట, విడివిడిగా దొరకవు, విడివిడిగా పనికిరావు.

తరవాత ఆశ పాత సామాన్ల షాపులో దొరికిన పూర్తి డిఫరెన్షియల్ మీద పడింది. ధర కొత్త జతలో సగం కూడా లేదు. బోల్టులన్నీ సరిపోతాయి కూడా. పళ్లు లెక్కపెడితే 9, 37. మనది 5.125, అది దాదాపు 4.11. బండి లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్‌కి దొరికే బలం ఐదో వంతు పోతుంది. మైదానంలో తిరిగే బండికైతే ఆలోచించొచ్చు, పొట్టంగి వెళ్లే బండికి కాదు. మావయ్య రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు అప్పు చేసి కొత్త జత కొన్నాడు.

మీరు కొనేముందు రేషియో తెలుసుకోవాలంటే డబ్బా విప్పక్కర్లేదు. ముందు చక్రాలకి అడ్డు రాళ్లు, గేర్ న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ వదిలి, వెనక ఒక్క చక్రం లేపి స్టాండ్ పెట్టండి. జాక్‌ని మాత్రం నమ్మకండి. లేపిన చక్రాన్ని రెండు చుట్లు తిప్పితే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. రెండే ఎందుకంటే పైన చెప్పిన సూత్రం: రెండో చక్రం సున్నా.

బిగించడమే అసలు పని. బేరింగ్ క్యాపులు విప్పేముందే ఎడమ, కుడి గుర్తు పెట్టాలి, తారుమారైతే కుదరవు. పినియన్ ఎంత లోపలికి ఉండాలో షిమ్ములు తేలుస్తాయి. పళ్ల మధ్య ఆట చాలా వ్యాన్లలో 0.1 నుంచి 0.2 మి.మీ. ఉంటుంది, మీ బండికి కంపెనీ మాన్యువల్ చెప్పిందే ఫైనల్. పళ్లకి రంగు పూసి తిప్పి, అచ్చు పన్ను మధ్యలో పడిందా అని చూశారు. మూడుసార్లు అంచుకి పడింది, మూడుసార్లూ విప్పి షిమ్ము మార్చారు. నాలుగోసారి మేస్త్రి టీ తెమ్మన్నాడు, అంటే కుదిరిందని.

పాతది అంత త్వరగా పోవడానికి కారణం కూడా అప్పుడే దొరికింది. ఇరుసు మీద ఉండే చిన్న గాలి రంధ్రం బురదతో మూసుకుపోయింది. లోపల వేడికి ఒత్తిడి పెరిగి సీలు లోంచి ఆయిల్ కారిపోయింది. గేర్ ఆయిల్ కూడా ఏదో ఒకటి పోస్తే చాలదు, ఈ గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి కాబట్టి సాధారణంగా జీఎల్-5 రకం అడుగుతారు.

కొత్త పళ్లు కుదురుకునేదాకా మొదటి 500 కిలోమీటర్లు బరువు తక్కువ, స్పీడు తక్కువ అన్నాడు మేస్త్రి. ఆ తరవాత ఆయిల్ మార్చాలి. ప్రస్తుతానికి వ్యాన్ రామభద్రపురం, బొబ్బిలి వరకే తిరుగుతోంది, సగం లోడుతో. మీటరు 340 దగ్గరుంది.