సుబ్బమ్మ ఫోనుకు ఏమైంది?

సుబ్బమ్మ పొదుపు సంఘం లీడరు. సంఘంలో పది మంది ఉన్నారు. వాళ్ల కిస్తీ డబ్బులు మొదట సుబ్బమ్మ ఖాతాలోకి వస్తాయి. పదో తారీకున ఆమె వాటిని బ్యాంకులో కడుతుంది.

ఆ రోజు తొమ్మిదో తారీకు. పొద్దున్నే పక్కింటి రాజేశ్వరి వచ్చింది.

"అక్కా! రాత్రి పన్నెండు గంటలకు నాకు ఏదో పంపావు. ఏంటది?"

"నేనా? నేను తొమ్మిదికే పడుకున్నానే!"

ఇద్దరూ ఫోను చూశారు. సంఘం గ్రూపులో, చుట్టాల గ్రూపులో సుబ్బమ్మ పేరు మీద ఒకే మెసేజి ఉంది. "పిఎం కిసాన్ డబ్బులు పడ్డాయో లేదో చూసుకోండి" అని. దాని కింద ఒక ఫైలు.

సుబ్బమ్మకు గుండె దడదడలాడింది. రెండు రోజుల కింద ఇదే మెసేజి మరదలి నంబరు నుంచి వచ్చింది. మనవాళ్లు పంపిందే కదా అని నొక్కింది. ఫోను ఏదో అడిగింది. 'సరే' నొక్కింది. మళ్లీ అడిగింది. మళ్లీ 'సరే' నొక్కింది. తెరిస్తే ఏమీ రాలేదు. ఆ సంగతే మరిచిపోయింది.

అప్పటినుంచి ఫోను పెనంలాగా కాలుతోంది. రాత్రిదాకా వచ్చే చార్జింగు మధ్యాహ్నానికే అయిపోతోంది. నెట్టూ అంతే. పాత ఫోను కదా అనుకుంది.

అందులో తప్పు లేదు. పాత ఫోను వేడెక్కుతుంది. బ్యాటరీ పాతబడితే చార్జింగు నిలవదు. అవి చూసి వైరస్ అనలేం. కానీ నిన్నటిదాకా బాగున్న ఫోను, కొత్తది ఏదో పెట్టుకున్నాక మారిపోతే అనుమానించాలి. మనం పంపని మెసేజీలు మన పేరు మీద పోతే ఇంకా గట్టిగా అనుమానించాలి.

రాజేశ్వరి కూతురు స్వాతి డిగ్రీ చదువుతోంది. ఆమె వచ్చీ రాగానే ఫోనులో నెట్టు ఆపింది. నెట్టు లేకపోతే వైరస్‌కు తన యజమానితో మాట్లాడడం కష్టమవుతుంది.

"వైరస్ అంటే మనుషులకు వచ్చేదేనా?" అడిగింది సుబ్బమ్మ.

"కాదు పెద్దమ్మా. ఇది ఎవరో మనిషి కూర్చుని రాసింది. ఫోను కూడా చిన్న కంప్యూటరే. దాన్ని ఆడించే ఆజ్ఞలు ఉంటాయి. దొంగ కూడా తన ఆజ్ఞలు రాసి లోపలికి పంపిస్తాడు."

అన్ని వైరస్‌లూ ఒక తీరుగా ఉండవు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ చాలా దేశాల్లో కంప్యూటర్లను పట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లనూ వదల్లేదు. అది దాక్కోలేదు. కంప్యూటరులో దాచిన కాగితాలకు తాళం వేసింది. తెర మీద ఎర్రటి పెట్టె చూపించింది. డబ్బు కడితేనే తాళం తీస్తానంది. అలాంటిదైతే ఎవరికైనా తెలుస్తుంది. సుబ్బమ్మ ఫోనులోది గుట్టుగా పనిచేసే రకం.

స్వాతి 'సెట్టింగ్‌లు' తెరిచి యాప్‌ల పట్టీ తీసింది. ఒక్కొక్క పేరూ చదివింది. "ఇది నువ్వు పెట్టుకున్నదేనా?" అని అడిగింది. పిఎం కిసాన్ పేరు వచ్చింది. బయట తెర మీద దాని బొమ్మే లేదు. లోపల మాత్రం ఉంది. దానికింద తెలుగులో ఏదో ఉంది. సుబ్బమ్మ వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది.

"అ-ను-మ-తు-లు. ఎస్ఎంఎస్."

అంటే ఫోనుకు వచ్చే మెసేజీలు చదువుకోమని ఆ యాప్‌కు సుబ్బమ్మే 'సరే' అని చెప్పింది. బ్యాంకు పంపే ఓటీపీ కూడా మెసేజిగానే వస్తుంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని సంఘం మీటింగులో పదిసార్లు విన్నది. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఫోనే చెప్పేసింది.

"డబ్బులు!" అంది సుబ్బమ్మ.

రాజేశ్వరి ఫోను నుంచి బ్యాంకుకు చేశారు. నంబరు ఏటీఎం కార్డు వెనకాల ఉంది. ఖాతాలో 18,400 ఉండాలి. 13,400 ఉంది. రాత్రే 5,000 పోయింది. మిగతాది పోకుండా బ్యాంకువాళ్లు ఖాతా ఆపేశారు. వెంటనే 1930కి చేశారు. సైబర్ మోసాలు చెప్పుకోవడానికి ప్రభుత్వం పెట్టిన నంబరు అది. ఎంత తొందరగా చెబితే అంత మంచిది. డబ్బు దొంగ చేతికి పోయేలోగా దారిలోనే ఆపడానికి వీలుంటుంది. వాళ్లు ఫిర్యాదు నంబరు ఇచ్చారు. సుబ్బమ్మ దాన్ని సంఘం పుస్తకం అట్ట మీద రాసుకుంది.

తర్వాత స్వాతి ఆ యాప్ తీసేసింది. ఫోటోలు వేరేచోట దాచి, ఫోను మొత్తం తుడిచి కొత్తదానిలా చేసింది. ఇలాంటివి ఒక్కోసారి మామూలుగా తీస్తే పోవు. బ్యాంకు పిన్నులన్నీ మార్పించింది.

సుబ్బమ్మ మరదలికి ఫోన్ చేసింది.

"నా ఫోను కూడా అట్లనే చేసింది వదినా," అంది మరదలు. "మూడు రోజులైంది. చెబితే మీ తమ్ముడు తిడతాడని ఊరుకున్నా."

సుబ్బమ్మకు కోపం వచ్చింది. ఆ మూడు రోజుల్లో ఒక్క మాట చెప్పి ఉంటే తను నొక్కేదే కాదు. కానీ తనకూ గ్రూపులో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. లీడరు ఫోనుకే ఇట్లయిందని నవ్వుతారేమో. సంఘం డబ్బు పోయిందంటే ఏమంటారో.

కాసేపు ఆగి, రాజేశ్వరి ఫోనులోనే మాట్లాడి పంపింది. "నేను సుబ్బమ్మను. రాత్రి నా పేరు మీద వచ్చింది నేను పంపలేదు. ఎవరూ నొక్కొద్దు. నొక్కినవాళ్లు దాచుకోకుండా నా దగ్గరికి రండి."

సాయంత్రానికి ముగ్గురు వచ్చారు. ఒకామె ఫోను చేతికి వెచ్చగా తగిలింది.