ఓటీపీ చెప్పేముందు జాబ్ షీట్ చదవండి

వాషింగ్ మెషీన్ బోర్డుల గొడవలు ఈమధ్య నా దగ్గరికి వరసపెట్టి వస్తున్నాయి. ఒకరిది తెనాలి, ఒకరిది రేపల్లె, ఇంకొకరిది బాపట్ల. కంపెనీలు వేరు, కథ ఒకటే. బట్టలు సగంలో ఉండగా మెషీన్ ఆగిపోతుంది. డిస్‌ప్లే మీద రెండక్షరాలు మెరుస్తాయి. సర్వీసు కుర్రాడొచ్చి పది నిమిషాల్లో "బోర్డు పోయిందండీ" అని తేల్చేస్తాడు. వారంటీ ఉందిగా అంటే "హై వోల్టేజీ వల్ల పోతే వర్తించదండీ" అంటాడు. డబ్బు కట్టించుకుని, కొత్త బోర్డు బిగించి, పాతది సంచిలో వేసుకుని, వెళ్లేముందు కాల్ క్లోజ్ చేయడానికి ఓటీపీ అడుగుతాడు. మనవాళ్లు చెప్పేస్తారు. కేసు సగం అక్కడే పోతుంది.

తాజాగా వచ్చినావిడది సంగం జాగర్లమూడి. మెషీన్ కొని రెండేళ్లు నిండలేదు. బోర్డుకని 7,000 రూపాయల పైచిలుకు కట్టారు. వారం తిరక్కుండానే మళ్లీ అవే రెండక్షరాలు. ఫోన్ చేస్తే కుర్రాడు ఖాళీ లేడన్నారు. ఇంట్లో చంటిపిల్ల ఉంది, ఎన్నాళ్లని ఆగుతారు? తెనాలి నుంచి తెలిసిన మెకానిక్‌ను పిలిపించారు. అతను వెనక రేకు విప్పి, మోటారుకు వెళ్లే వైర్ల కనెక్టర్ ఊడదీసి చూపించాడు. లోపల ఒక పిన్ను పచ్చగా చిలుం పట్టి ఉంది. దాన్ని తీసేసి కొత్తది వేస్తే మెషీన్ తిరిగింది, ఇప్పటికీ తిరుగుతోంది. అలాంటప్పుడు మొదటి బోర్డు నిజంగా పోయిందా?

"పాత బోర్డేదమ్మా?" అని అడిగాను. "కుర్రాడు పట్టుకెళ్లాడండీ" అన్నారు. జాబ్ షీట్ ఏదంటే, "ఫోన్‌కి ఏదో వచ్చిందండీ, చూళ్లేదు." అక్కడే తెరిచి చదివించాను. హై వోల్టేజీ వల్ల బోర్డు కాలిపోయింది, కస్టమర్‌కు వివరించాం, కస్టమర్ సంతృప్తి చెందారు. కింద ఓటీపీ కొట్టిన టైము. మా నోటీసుకు కంపెనీ ఇచ్చిన జవాబులో ఈ మూడు ముక్కలే తిప్పి తిప్పి రాశారు. బయటి మెకానిక్ విప్పాడన్నది నాలుగోది. ఆవిడ టీచరు. బ్యాంకు ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని పిల్లలకు చెప్పే మనిషి. నాకు కోపం ఆగలేదు, గట్టిగానే అన్నాను.

డిస్‌ప్లే మీద వచ్చే కోడ్ తేడా ఎటువైపు ఉందో చెబుతుందే గానీ, ఏ పార్టు పోయిందో చెప్పదు. మోటారు కోడ్ వస్తే మోటారే కానక్కర్లేదు. అది తిరుగుతోందో లేదో కనిపెట్టే సెన్సర్ కావచ్చు, మధ్యలో వైరు కావచ్చు, కనెక్టర్ కావచ్చు, బోర్డూ కావచ్చు. నీళ్లు బయటికి పోవడం లేదన్న కోడ్ వస్తే ముందు చూడాల్సింది డ్రెయిన్ పంపు ఫిల్టర్‌లో ఇరుక్కున్న పిన్నీసూ, చిల్లర నాణెమూ. పని తెలిసినవాడు మొదట ప్లగ్గులో వోల్టేజీ, ఎర్తింగ్ చూస్తాడు. చాలా మోడళ్లలో సర్వీసు టెస్ట్ మోడ్ ఉంటుంది. అందులో పెట్టి డోర్ లాకు, నీళ్ల వాల్వు, పంపు, మోటారు ఒక్కొక్కటే నడిపి చూస్తాడు. వైర్లు మల్టీమీటర్‌తో కొలుస్తాడు. బోర్డు దగ్గరికి ఆఖర్న వస్తాడు. మల్టీమీటర్ సంచిలోంచి బయటికే తీయకుండా "హై వోల్టేజీ" అని రాస్తే దాన్ని పరీక్ష అనగలమా?

హై వోల్టేజీ నిజంగా వస్తే సాధారణంగా ఆనవాళ్లు మిగులుతాయి. బోర్డులో కరెంటు అడుగుపెట్టే చోట ఫ్యూజు, దాని దగ్గర్లో చిన్న బిళ్లలా వారిస్టర్ ఉంటాయి. చాలాసార్లు మొదటి దెబ్బ వాటికే. వారిస్టర్ పగిలో, నల్లగా మాడో కనిపిస్తుంది. వీధిలో న్యూట్రల్ తెగి ఇంట్లోకి 230 వోల్టుల బదులు 400 దగ్గరికి వచ్చిందంటే అదే లైన్లో ఉన్న ఫ్రిజ్, టీవీ, బల్బులకూ ఎసరొస్తుంది. ఈవిడ ఇంట్లో మెషీన్ పక్క ప్లగ్గులోనే ఫ్రిజ్ ఉంది, దానికి చీమ కుట్టినట్టు కూడా లేదు. మంచి వాదనే. కానీ దానికి బలం ఆ పాత బోర్డు, అది మన చేతిలో లేదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో 38వ సెక్షన్ ఉంది. పరీక్ష చేయిస్తే తప్ప లోపం తేలదనుకున్నప్పుడు కమిషన్ శాంపిల్ తీసుకుని, సీలు వేసి, తగిన ల్యాబ్‌కు పంపిస్తుంది. 45 రోజుల్లో రిపోర్టు రావాలి. ఖర్చు ఫిర్యాదుదారుతో డిపాజిట్ చేయించవచ్చు. ఇంత పనికొచ్చే సెక్షన్ ఉన్నా, పంపడానికి వస్తువే లేకపోతే కమిషన్ మాత్రం దేనికి సీలు వేస్తుంది? లోపం ఉందని చూపించాల్సిన బాధ్యత ముందు మనదే.

అందుకే మళ్లీ చెబుతున్నాను, చదవకుండా ఓటీపీ చెప్పొద్దు. వోల్టేజీ ఎంత, ఏ ప్లగ్గులో, ఎన్ని గంటలకు కొలిచావని అడిగి ఆ అంకె రాయించండి. కొలవలేదంటే కొలవలేదనే రాయించండి. రాయనంటే ఓటీపీ ఇవ్వకండి. "కాల్ క్లోజ్ కాకపోతే నాకు డబ్బులు రావండీ" అని కుర్రాడు బతిమాలతాడు. అతని ఇబ్బంది నిజమే, అతని మీద నాకు పగ లేదు, కాల్‌కింత అని లెక్కగట్టి పరిగెత్తించేవాళ్ల మీదే నా కోపం. అయినా ఇవ్వకండి. డబ్బు కట్టి బోర్డు మార్పిస్తే పాతది ఇమ్మని అడగండి. వారంటీలో ఉచితంగా మారిస్తే పాతది తమదేనని చాలా కంపెనీలు షరతుల్లో రాసుకుంటాయి. అప్పుడు దాన్ని రెండువైపులా, నంబరు స్టిక్కర్ కనబడేలా ఫోటో తీసుకోండి.

ఓటీపీ ఇప్పటికే చెప్పేసినవాళ్లు ఈ రోజే కంపెనీకి మెయిల్ పెట్టండి. జాబ్ షీట్‌లో రాసిన కారణం నేను ఒప్పుకోవడం లేదు, పాత బోర్డు పారేయకుండా భద్రపరచండి అని రెండు వాక్యాలు చాలు. ఆలస్యమైనకొద్దీ ఆ మెయిల్‌కు విలువ తగ్గుతుంది.

వోల్టేజీ సంగతి తేల్చడానికి సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. మన డిస్కం ప్రభుత్వ సంస్థే. ఫలానా తేదీన మా ట్రాన్స్‌ఫార్మర్ మీద హై వోల్టేజీ ఫిర్యాదు నమోదైందా అని అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈ కేసులో ముందు నేరుగా కరెంటు ఆఫీసుకే వెళ్లాం. "ఆ రోజు ఏమీ లేదండీ" అని నోటితో చెప్పారు. అదే ముక్క కాగితం మీద పెట్టమంటే పై ఆఫీసుకు పొమ్మన్నారు, పై ఆఫీసు మళ్లీ కిందికే తోలింది. ఉన్న నిజం ఒక్క వాక్యంలో రాయడానికి ఎందుకంత జంకో నాకు అర్థం కాదు. చివరికి దరఖాస్తు పెట్టాం. మీ ఇంట్లో వోల్టేజీ తేడా అనిపిస్తే అప్పటికప్పుడు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి.

వచ్చినవాళ్లంతా కొత్త మెషీన్ ఇప్పించమంటారు. వారంటీ కింద పార్టు మార్చి సరిచేయగలిగినప్పుడు మొత్తం బండే మార్చమనడం కుదరదని మారుతి ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్గోత్రా కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీ లాయర్లు ఆ తీర్పు పట్టుకునే వస్తారు. కొత్తది అడగండి, దానితోపాటు అది కుదరకపోతే కట్టిన డబ్బు వాపసు, పరిహారం, ఖర్చులు అని కూడా రాయండి. వస్తువుకు కట్టిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు. కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా మీరుండే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. గడువు 2 ఏళ్లు. ఉత్తరాలు రాసుకుంటూ కూర్చుంటే ఆ గడువు పెరగదు. 1988లో పొగాకు గోదాము కాలిపోతే 1997లో ఫిర్యాదు చేసిన కందిమళ్ల రాఘవయ్య అండ్ కంపెనీ, గడువు దాటిందన్న కారణం మీదే 2009లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది.

జాగర్లమూడి కేసులో తీసేసిన చిలుం పిన్ను ఆవిడ ఎందుకో పారేయకుండా కవర్లో దాచారు. అదీ, మెకానిక్ అఫిడవిట్టూ దాఖలు చేశాం. 38వ సెక్షన్ కిందే, సాక్ష్యంగా పనికొచ్చే ఏ వస్తువునైనా తెమ్మనే అధికారం కమిషన్‌కు ఉంది. పాత బోర్డు హాజరుపరచాలని పిటిషన్ వేశాం. స్క్రాప్‌లో వేసేశామంటే, ఏ తేదీన, ఎవరు చెబితే వేశారో ప్రమాణపూర్వకంగా చెప్పమని అడగబోతున్నాం.