కిన్నెర మెట్లు - గిటారు తీగలు



కళాకారులు మనకు రెండు విధాలుగా పరిచయమవుతారు. కొందరిని సినిమాలు, టీవీలు, పత్రికలు పరిచయం చేస్తాయి. మరికొందరిని ఎదురుగా కూర్చుని విన్నవాళ్ళే పరిచయం చేస్తారు. "నేను చెబితే ఏం తెలుస్తుంది, నువ్వే ఒకసారి పోయి విను" అని ఒకరు మరొకరికి చెబుతారు. అలా నోటి మాట మీద నిలబడిన కళాకారులకు బిరుదులు తక్కువ, అభిమానం ఎక్కువ. అటువంటి ఇద్దరి గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం. ఒకరు మన తెలుగు నేల మీది కిన్నెర కళాకారుడు. మరొకరు ఐర్లండు దేశపు గిటారు కళాకారుడు. ఇద్దరివీ తీగ వాద్యాలే.

కిన్నెర ఎలా పలుకుతుంది?

కిన్నెర మన పాత జానపద వాద్యం. పొడుగాటి వెదురు బొంగు, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, పైన బిగించి కట్టిన తీగలు దీని ముఖ్య భాగాలు. బొంగు మీద వరుసగా మెట్లు ఉంటాయి. పూర్వం ఈ మెట్లను అలుగు పొలుసులతో చేసి తేనె మైనంతో అతికించేవారు.

మనం ధ్వని పాఠంలో చదువుకున్న సూత్రమే ఇక్కడ పనిచేస్తుంది. వేలితో తీగను ఒక మెట్టు దగ్గర నొక్కితే కంపించే పొడవు తగ్గుతుంది. పొడవు తగ్గితే పౌనఃపున్యం పెరిగి కీచుదనం పెరుగుతుంది. పొడవు సగమైతే పౌనఃపున్యం రెట్టింపు అవుతుంది. బుర్రల లోపలి గాలి కూడా కంపించి ఆ శబ్దాన్ని పెద్దది చేస్తుంది.

గిటారుదీ ఇదే సూత్రం. అక్కడ మెట్లను ఫ్రెట్లు అంటారు. ఎలక్ట్రిక్ గిటారులో బుర్ర చేసే పనిని అయస్కాంతం, తీగచుట్ట ఉన్న పికప్ చేస్తుంది. అది ఉక్కు తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చి స్పీకరుకు పంపుతుంది. ఏ దేశంలోనైనా తీగ ఒకటే మాట వింటుంది, అది వేలు చెప్పే మాట.

దర్శనం మొగులయ్య

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట గ్రామానికి చెందిన దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెర వాయిస్తూ కథలు పాడతారు. ఆయన డక్కలి కులస్థులు. మాదిగల కులపురాణాన్ని చెబుతూ వారిని ఆశ్రయించి బతికే కళాకారులు డక్కలివారు. ఈ విద్య ఆయనకు తండ్రి తాతల నుంచి వచ్చింది. ఉన్నవాళ్ళను దోచి పేదలకు పంచాడని పాలమూరు జనం చెప్పుకునే పండుగ సాయన్న కథ ఆయన పాడే కథల్లో ముఖ్యమైనది.

ఆయన కళను ఏళ్ళ తరబడి కాపాడింది ఊరి అరుగుల మీద కూర్చున్న శ్రోతలే. వారు పెట్టిన గింజలు, ఇచ్చిన చిల్లర డబ్బులే ఆయన సంపాదన. 2021లో "భీమ్లా నాయక్" సినిమా పాటకు ఆయన గొంతు కలిపాక రాష్ట్రాలు దాటి పేరు వచ్చింది. 2022లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది. అంటే పల్లె జనం ఎన్నో ఏళ్ళ ముందే తెలుసుకున్న గొప్పతనం దేశానికి అప్పుడు తెలిసిందన్నమాట.

అయితే 2024లో ఆయన ఇల్లు గడవక కట్టడాల దగ్గర కూలి పని చేస్తున్నారని పత్రికల్లో వార్తలు వచ్చాయి. పద్మశ్రీ అందుకున్న చేతులు ఇసుక, ఇటుకలు మోయవలసి వచ్చింది. ఈ సంగతి మనల్ని ఆలోచింపజేయాలి.

రోరీ గాలఘర్

ఇక రెండవ కళాకారుడి సంగతి. రోరీ గాలఘర్ 1948లో ఐర్లండులోని బాలిషానన్‌లో పుట్టి కార్క్ నగరంలో పెరిగాడు. 1963లో, పదిహేనేళ్ళ వయసులో, 100 పౌండ్ల ధర గల పాత గిటారును వాయిదాల మీద కొన్నాడు. రంగు రాలిపోయి చెక్క బయటపడినా జీవితాంతం దానినే వాయించాడు.

అతడు వాయించినది బ్లూస్ రాక్. బ్లూస్ అనేది అమెరికా దక్షిణ ప్రాంతంలో, బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి ప్రజల మధ్య పుట్టిన సంగీతం. పత్తి చేలలో పనిచేస్తూ పాడుకున్న పాటలు దానికి ఒక మూలం. ఒకరు పాట అందుకుంటే మిగిలినవారు బదులు పలుకుతారు. మన చెక్కభజనలో గురువు పాడగా జట్టు తిరిగి అందుకోవడం కూడా ఇలాంటిదే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నల్లరేగడి చేలలో పత్తి తీసిన మన తల్లులకు ఆ పాటల వెనుక కష్టం ఒకరు చెప్పనవసరం లేదు.

రోరీ విడి పాటల రికార్డులు విడుదల చేసి పేరు తెచ్చుకునే దారిని ఇష్టపడలేదు. అతని బలమంతా వేదిక మీదే. 1970ల్లో ఉత్తర ఐర్లండులో బాంబులు పేలుతున్న రోజుల్లో చాలామంది కళాకారులు బెల్‌ఫాస్ట్ నగరానికి రావడం మానుకున్నారు. రోరీ మాత్రం వెళ్ళి వాయించాడు. అందుకే అక్కడి అభిమానులు అతన్ని తమ ఇంటి మనిషిగా చూశారు. 1974 ఐర్లండు పర్యటనలో చేసిన "ఐరిష్ టూర్" ఆల్బం వింటే వేదిక ముందున్న జనం హుషారు కూడా వినబడుతుంది.

1995లో 47 ఏళ్ళకే అతడు మరణించాడు. అభిమానులు మరచిపోలేదు. బాలిషానన్‌లో ప్రతి ఏటా అతని పేరుతో ఉత్సవం జరుపుతున్నారు. 2010లో అక్కడ విగ్రహం వెలిసింది. 100 పౌండ్ల ఆ గిటారు 2024 వేలంలో 8 లక్షల 80 వేల పౌండ్లకు పైగా పలికింది. మన లెక్కలో 9 కోట్ల రూపాయల పైమాటే. కొన్నవారు దానిని ఐర్లండు జాతీయ మ్యూజియానికి అప్పగించారు.

మన ఊళ్ళలో

ఈ రెండు జీవితాలు ఒక్క విషయం చెబుతున్నాయి. కళాకారుణ్ణి మొదట గుర్తించేది శ్రోత. కానీ చప్పట్లతో కడుపు నిండదు. అభిమానం కళాకారుడు బతికి ఉండగానే కూలిగా, గౌరవంగా, శిష్యులుగా మారాలి.

ప్రొద్దుటూరు దసరా చూడటానికి వేలమంది వస్తారు. పులివెందుల, జమ్మలమడుగు పల్లెల్లో జాతర అంటే డప్పు మోగాల్సిందే. దరువుకు మనమూ కాలు కదుపుతాము. మరి డప్పు కొట్టిన మనిషి పేరు అడిగామా? మన హాస్టల్ పిల్లల్లో కొందరి ఇళ్ళలో తాతో, మేనమామో డప్పు కళాకారులు. ఆ సంగతి బడిలో చెప్పడానికి సిగ్గుపడేవారున్నారు. ఆ సిగ్గు మనది కాదు, కులం పేరుతో చులకన చేసినవారు మనకు అంటగట్టినది. వెట్టిగా కొట్టించినందుకు డప్పు వదిలేసిన పెద్దలది ఆత్మగౌరవమే. ఇష్టంతో పట్టుకుని, తగిన కూలి అడిగి వాయించేవారిదీ ఆత్మగౌరవమే.

సెలవుల్లో చేయవలసిన పనులు

1. మీ ఊరి డప్పు, చెక్కభజన, తంబూర కళాకారులలో ఒకరిని కలిసి పేరు, గురువు పేరు, నేర్చుకున్న వయసు అడిగి రాసుకోండి.

2. ఆయన వాయించే దరువులు ఎన్నో, ఏది ఏ సందర్భానికి వాయిస్తారో తెలుసుకోండి. అనుమతి తీసుకుని సెల్‌ఫోనులో రికార్డు చేయండి.

3. ఒక్క దరువైనా నేర్చుకోండి.

4. వచ్చే వార్షికోత్సవానికి ఆ కళాకారుణ్ణి పిలిపించండి. ఆహ్వాన పత్రికలో పేరు వేయించండి. శాలువాతో పాటు కూలి డబ్బులు కూడా చేతికి ఇవ్వండి.