నలభై మూడు బక్రీదుల నోటుబుక్కు

నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. దాని అట్ట రెండుసార్లు మార్చాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1984 సెప్టెంబరు వానల్లో చేసిన ఖుర్బానీ మొదటి పేజీలో ఉంది: ‘నల్ల మచ్చల పొట్టేలు, 420 రూపాయలు. కసాయికి 15.’ అప్పటినుంచి 2025 జూన్ 7 దాకా ఏ పండగా వదల్లేదు. ఇంగ్లీషు సంవత్సరాలు లెక్కపెడితే నలభై రెండే, పండగలు మాత్రం నలభై మూడు. 2007లో జనవరిలో ఒకటి, మళ్ళీ డిసెంబరులో ఒకటి వచ్చాయి.

కర్నూలు పాతబస్తీలో మా వీధి కుర్రాళ్ళు ఏటా జుల్‌హిజ్జా నెలవంక కనబడగానే సలహా అడగడానికి నా దగ్గరికి వస్తారు. ఈ ఏడు ఆ పుస్తకం మా పెద్దోడికి అప్పజెబుతున్నాను. అంకెలు వాడే చదువుకుంటాడు. అంకెల పక్కన రాయకుండా వదిలేసిన సంగతులు ఇవి. మేం హనఫీలం, షాఫయీలకు కొన్ని మసలాలు (ధర్మ నియమాలు) వేరుగా ఉంటాయి. మీ ఇమాం సాబ్‌ని అడగండి.

1. ఎవరెవరి మీద ఖుర్బానీ వాజిబో (తప్పనిసరో) ముందు లెక్క చూసుకోండి.

ఇంటికొక పొట్టేలు కోస్తే అందరిదీ అయిపోయిందనుకుని పదేళ్ళు గడిపాను. అది తప్పు. అవసరాలూ అప్పులూ పోను, 612 గ్రాముల వెండి విలువ చేసే సొత్తు పండగ రోజుల్లో ఎవరికుంటే వాళ్ళ మీద విడివిడిగా వాజిబ్ అవుతుంది. జకాత్‌కి లాగా ఏడాది నిండాలన్న షరతు లేదు. బంగారం ఒక్కటే ఉంటే ఏడున్నర తులాలు చూస్తారు. బంగారంతోపాటు కొంత డబ్బు కూడా ఉంటే రెండూ కలిపి వెండి ధరతో పోల్చాలి. నా భార్యకు పుట్టింటివాళ్ళు పెట్టిన నాలుగు తులాలున్నాయి, కుట్టు మిషను మీద సంపాదించి దాచుకున్న డబ్బుంది. ఆమె మీద వేరేగా వాజిబ్ అని ఇమాం సాబ్ చెప్పినరోజు ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. తప్పిపోయిన ఒక్కో ఏడాదికి ఒక్కో మేక ఖరీదు చొప్పున, విడతలుగా, ఆరేళ్ళపాటు సదఖా ఇచ్చాం. ఆ పేజీలన్నీ ఆమె చేతిరాతే.

2. నెలనెలా పక్కన పెట్టండి.

చంద్రమానం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. జనవరికి జనవరి లెక్కేసుకున్నవాళ్ళు 2007 డిసెంబరులో చేబదుళ్ళకు పరుగెత్తారు. వాజిబ్ కానివాళ్ళు వీధిలో మాట పడాల్సి వస్తుందని వడ్డీకి తెచ్చి కోయడం నేను చూశాను. అలాంటిది చేయకండి. పొట్టేలు కొనలేకపోతే పెద్ద పశువులో ఏడో వంతు వేసుకోవచ్చు. ఆ ఏడుగురిలో ఒక్కడు వట్టి మాంసం కోసం కలిసినా ఏడుగురిదీ చెడుతుంది. మాంసం కంటి అంచనాతో పంచకూడదు, తూచాలి. ఆవునీ దూడనీ కోయడం మన రెండు రాష్ట్రాల్లోనూ 1977 చట్టం కింద నేరం. దున్నకైనా ఎద్దుకైనా పశువుల డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. ఆ కాగితం చూడకుండా వంతు డబ్బు కట్టకండి.

3. సంతకు తెల్లారకముందే వెళ్ళండి, వెలుతురు వచ్చాకే కొనండి.

తుంగభద్ర దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ కూడా దాటి పెబ్బేరు సంతకు పోవడం మాకు మొదటినుంచీ అలవాటు. దలారీలు తుండు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు, పక్కనున్నవాడికి వినబడదు. కొత్తవాళ్ళు ఆ తుండు జోలికి పోకుండా నేరుగా పెంచినవాడితో మాట్లాడండి.

మొదట నోరు తెరిచి పళ్ళు చూడండి. మేకైనా గొర్రైనా ఏడాది నిండాలి. ముందు పాలపళ్ళు రెండు రాలి వాటి చోట పెద్దపళ్ళు రెండు వచ్చుంటే వయసు గురించి బెంగ లేదు. ఆరు నెలలు దాటిన గొర్రెపిల్ల ఏడాది దానిలా ఏపుగా కనబడితే చెల్లుతుంది గానీ మేకకు ఆ సడలింపు లేదు. తర్వాత తాడు వదిలి నాలుగడుగులు నడిపించండి. కుంటితే వద్దు. కంటి ముందు చెయ్యి ఆడించండి, రెండు కళ్ళూ కదలాలి. చెవి మూడో వంతు కంటే ఎక్కువ తెగినా, కొమ్ము మొదలంటా ఊడినా, ఎముకలు తేలినా వద్దు. విత్తులు కొట్టించినది పనికొస్తుంది, అందులో దోషం లేదు. ముక్కు కారుతూ పారుకుంటుంటే పారుడు రోగం అనుకోండి. నోట్లో, గిట్టల మధ్య పుండ్లుంటే గాలికుంటు. అలాంటిది అగ్గువకు వచ్చినా ముట్టకండి, మీ వీధిలో ఉన్న మిగతావాటికీ అంటుకుంటుంది.

ఈమధ్య అంతా లైవ్ తూకమే. తూకానికి ముందు ఉప్పు నాకించి కడుపునిండా నీళ్ళు తాగిస్తారు. పొట్ట బిగిసి, వీపు మీద కండ లేకపోతే అది నీళ్ళ బరువే. వెన్నుపూస మీద వేళ్ళతో నొక్కి చూడండి. నలభై కిలోల పొట్టేలుకు మాంసం పద్దెనిమిది, ఇరవై కిలోలు వస్తుంది. అంతకంటే ఎక్కువొస్తుందని చెప్పేవాడి మాట నమ్మకండి.

ఒకసారి ఒక గొల్లాయన నాకు పొట్టేలును అమ్మి, డబ్బు లెక్కపెట్టుకుని, పది అడుగులు పోయి వెనక్కి వచ్చాడు. దాని మెడ నిమిరి, “ఎండలో కట్టెయ్యొద్దు సార్, దీనికి నీడ అలవాటు” అని చెప్పిపోయాడు. ఆ మాట ఆ ఏడాది పేజీలో రాసుకున్నాను.

4. ప్రేమతో గింజలు పెట్టి చంపకండి.

ఇది నేను చేసిన తప్పు. 1993లో పండగ జూన్ మొదట్లో వచ్చింది. నెల ముందే మంచి నెల్లూరు పొట్టేలు తెచ్చాను. పండగకు నాలుగు రోజుల ముందు ఇంట్లో దావతు జరిగితే, మిగిలిన అన్నం, అర బక్కెటు జొన్నలు దాని ముందు పెట్టాను. తింటుంటే చూసి సంతోషపడ్డాను. తెల్లారేసరికి పొట్ట డోలులా ఉబ్బింది. పళ్ళు కొరుకుతూ మూలిగింది. పశువుల డాక్టరు వచ్చేలోపే పోయింది. గడ్డికి అలవాటైన కడుపులో ఒక్కసారిగా గింజ పడితే పులిసి విషమవుతుందని ఆయన చెప్పాడు. పేదవాడు కొన్నది అలా చస్తే అతని మీద మరొకటి లేదు. నా మీద వాజిబ్ కాబట్టి రెట్టింపు ధరకు ఇంకొకటి తెచ్చాను. డబ్బు పోయిన బాధ నెలకు తీరింది. నామీద నమ్మకంగా తిన్న ఆ మూగజీవి మూలుగు మాత్రం ముప్పై ఏళ్ళయినా చెవిలోనే ఉంది.

సంతనుంచి తెచ్చినదానికి చెనిక్కాయ కట్టె, అవిశాకు, సుబాబుల్ పెట్టండి. గింజలు పెట్టాలనుకుంటే గుప్పెడుతో మొదలుపెట్టి రోజురోజుకూ పెంచండి. ఇంకొన్నేళ్ళు పండగ మే నెలలో, ఆ తర్వాత ఏప్రిల్‌లో వస్తుంది. మా కర్నూలు ఎండల సంగతి చెప్పక్కర్లేదు. రేకుల కింద కట్టెయ్యకండి, వేపచెట్టు నీడ వెతకండి. నీళ్ళ తొట్టి ఎప్పుడూ ఖాళీ కాకూడదు.

5. కసాయిని నెల ముందే మాట్లాడుకోండి.

పండగపూట అందరికీ వాళ్ళే కావాలి. ఆ రోజుకి మాత్రమే కత్తి పట్టేవాళ్ళు ఊళ్ళో తిరుగుతుంటారు, పని రానివాడి చేతిలో జంతువు నరకం చూస్తుంది. కూలి మొత్తం ముందే తెంచుకోండి. కూలి కింద మాంసం గానీ తోలు గానీ ఇవ్వకూడదు. డబ్బు పూర్తిగా ఇచ్చి, తర్వాత ఇష్టంగా అతనికీ ఒక వంతు ఇవ్వండి. తోలు అమ్మితే ఆ పైసలు పేదలవే. ఒకప్పుడు తోళ్ళ డబ్బుతో మా వీధి మదర్సాకు చాలా నెలలు గడిచేది. ఇప్పుడు తోలు తీసుకుపోయేవాడే దొరకడం లేదు. కాబట్టి మదర్సాకు మీ జేబులోంచి ఇవ్వండి.

6. ఆ రెండు నిమిషాలు తొందరపడకండి.

ఈద్ నమాజు అయ్యాకే మొదలుపెట్టాలి. జుల్‌హిజ్జా పన్నెండో తేదీ పొద్దుగూకేదాకా గడువుంది, తొలిరోజే ముగించాలని తోసుకోనక్కర్లేదు. నాలుగు పొట్టేళ్ళుంటే నేను రెండు ఇవాళ, రెండు రేపు పెట్టుకుంటాను.

కత్తిని జంతువు కంటికి కనబడని చోట పట్టండి. ఒకదాని ఎదుట ఇంకొకదాన్ని కోయకండి. నీళ్ళు పెట్టండి. కాళ్ళు పట్టి ఈడ్చకుండా నడిపించుకుని రండి. మనకు ఖిబ్లా పడమర, కాబట్టి తల దక్షిణానికి, కాళ్ళు పడమరకు వచ్చేలా ఎడమ పక్కకు పడుకోబెట్టాలి. బిస్మిల్లాహి అల్లాహు అక్బర్ అని ఆపకుండా కోయాలి. శ్వాసనాళం, అన్ననాళం, మెడ రక్తనాళాలు రెండు – ఈ నాలుగింట్లో మూడైనా తెగాలి. తల విడిపోయేలా కోయకండి. ప్రాణం పూర్తిగా పోయి, ఒళ్ళు కదలకుండా అయ్యాకే తోలు మీద చెయ్యి వేయాలి. కసాయికి ఇంకో పది ఇళ్ళు ఉంటాయి, తొందరపెడతాడు. “ఆగు భాయ్” అని మీరే అనాలి. ఇల్లుగలవాడు అక్కడ నిలబడేది అందుకే. చేతనైతే మీ చేత్తో మీరే కోయండి. మా అత్తమ్మ తన ఖుర్బానీ తనే చేసుకునేది.

7. రక్తం వీధి మోరీలో పారకూడదు.

మునిసిపాలిటీ చూపిన చోటో, మన ప్రహరీ లోపలో చేయాలి. గుంత ముందురోజే తవ్వించి, పేగులూ రక్తమూ అందులో వేసి, సున్నం చల్లి పూడ్చండి. మా ఎదురింట్లో మాంసం ముట్టని కుటుంబం ఉంది. నలభై ఏళ్ళుగా ఆ వైపు గేటు పండగరోజు మూసే ఉంచుతాను. వాళ్ళు అడగలేదు. అడగాల్సిన పరిస్థితి తేకూడదని మా నాన్న చెప్పాడు. కోసేటప్పటి ఫొటోలు ఫోన్లో పెట్టకండి.

8. పంచే జాబితా ముందు, వంట తర్వాత.

మూడు వంతులు మంచి పద్ధతి: ఇంటికొకటి, బంధువులకూ ఇరుగుపొరుగుకూ ఒకటి, పేదలకొకటి. పేదల వంతులో బొక్కలూ కొవ్వూ వేసి, తొడ కండ ఫ్రిజ్‌లో దాచుకోవడం నాకు నచ్చదు. మూడు కుప్పల్లోనూ తొడ, పక్కటెముకలు, కలేజీ సమానంగా పడాలి. కోయించలేని ఇంటికి మొదట పంపండి. వాళ్ళ పొయ్యి మధ్యాహ్నానికి వెలగాలి కదా. హిందూ స్నేహితులకు ఇవ్వవచ్చు, కానీ ముందు ఫోన్ చేసి అడగండి. ఆ రోజు శనివారమైతే కొందరు తినరు. ఫ్రిజ్ లేని ఇళ్ళకు ఒకేసారి ఎక్కువ ఇస్తే వేసవిలో పాడవుతుంది. మా అమ్మ ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఆరేసి ఒట్టి తునకలు చేసేది.

9. దూరాన ఉన్న పిల్లల తరఫున.

మా చిన్నోడు కువైట్‌లో ఉంటాడు. వాడి తరఫున చేయాలంటే వాడి నోటితో అనుమతి వినాలి, డబ్బు పంపితే సరిపోదనుకుంటాను. వాళ్ళకు పండగ సాధారణంగా మనకంటే ఒకరోజు ముందు వస్తుంది, మన మూడో రోజుకు వాళ్ళ గడువు దాటిపోతుంది. అందుకని వాడిది ఎప్పుడూ మొదటిరోజే చేయిస్తాను. నెలవంక చూసినప్పటినుంచి ఖుర్బానీ అయ్యేదాకా వాడు గోళ్ళూ జుట్టూ తీయడు. “అయిపోయింది బేటా” అని ఫోన్ చేసేవరకు అక్కడ కాచుకుని ఉంటాడు. మరిచిపోకండి.

10. పిల్లలకు అబద్ధం చెప్పకండి.

నెలరోజులు ఆకులు తినిపించిన పొట్టేలును కోస్తుంటే పిల్లలు ఏడుస్తారు. ఎక్కడికో పంపామని చెప్పేవాళ్ళున్నారు. మా మనవరాలు నిరుడు అడిగింది, “నొప్పి పుడుతుందా దాదా?” అని. పుడుతుందనే చెప్పాను. అది ఎంత తగ్గితే అంత తగ్గించడం మన పని అని చెప్పి, నీళ్ళ తొట్టి దాని చేతికిచ్చాను. ఏడుస్తూనే పట్టుకెళ్ళి పెట్టింది. ఆ పూట మాంసం తినలేదు, ఎవరూ బలవంతం చేయలేదు. ఈ జూన్‌లో కసాయి గడప దాటకముందే ఎదురెళ్ళి, “చాకు సాన పట్టారా చాచా?” అని అడిగింది. ఆయన గుడ్డ విప్పి చూపించాడు.

పుస్తకంలో 2025 పేజీలో ధర, తూకం, కసాయి కూలి నేను రాశాను. కింద ఇంకో వరుస ఉంది, మా మనవరాలి వంకర అక్షరాల్లో: ‘నీళ్ళు పెట్టాం. తాగింది.’