బొమ్మ కింద సంతకం ఉంది, కథ కింద లేదు
(చందమామ సీరియళ్ల రచయిత దాసరి సుబ్రహ్మణ్యం గారి గురించి ఒక చిన్న స్టడీ)

ఫ్రెండ్స్, ఈసారి మన క్లబ్ స్టడీ సర్కిల్‌కి తీసుకున్న టాపిక్ "బొమ్మల కథలు రాసేవాళ్లు". కామిక్స్ అనగానే మన హాస్టల్లో బ్యాట్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్, ఇప్పుడైతే జపాన్ మాంగా పేర్లు వినిపిస్తాయి. తెలుగులో ఆ పని చేసిందెవరు అని వెతికితే చందమామ దగ్గరికి వెళ్లాలి. చందమామ సీరియళ్లలో మాటల బుడగలు ఉండవు, అందుకని అవి అచ్చంగా కామిక్స్ కావు. కానీ దాదాపు ప్రతి పేజీకీ ఒక బొమ్మ, నెలకో ఎపిసోడ్, చివర్లో పెద్ద సస్పెన్స్, తర్వాతి నెల కోసం ఎదురుచూసే పిల్లలు. ఒక కామిక్ రచయిత చేసే పనంతా ఇందులో ఉంది.

ఆ సీరియళ్లు ఎక్కువగా రాసింది ఒక్కరే. ఆయన దాసరి సుబ్రహ్మణ్యం గారు.

ఎవరీ దాసరి?

చందమామ 1947 జూలైలో మద్రాసులో మొదలైంది. పెట్టినవాళ్లు బి. నాగిరెడ్డి, చక్రపాణి. నాగిరెడ్డి గారు మన సీమ మనిషే, కడప జిల్లా పొట్టిపాడు. 1952లో కొడవటిగంటి కుటుంబరావు గారు చందమామ సంపాదక బాధ్యతల్లోకి వచ్చి, 1980లో చనిపోయేదాకా అక్కడే పనిచేశారు. దాసరి గారు కూడా 1952లోనే చేరారు. ఆయన 1932లో గుంటూరు జిల్లాలో పుట్టారు, అంటే చేరేనాటికి మన వయసు కంటే ఒకట్రెండేళ్లు పెద్ద, అంతే. తర్వాత అర్ధశతాబ్దానికి పైగా అదే పత్రికలో ఉన్నారు.

మొదటి సీరియల్ "తోకచుక్క" 1954లో మొదలైంది. ఆ తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. ఈ పేర్లు మీ నాన్నకో మామయ్యకో చెప్పి చూడండి. నల్లమల అడవుల పక్కన పెరిగిన మనకి ఈ కథల్లోని కొండలు, లోయలు, పాడుబడ్డ గుళ్లు కొత్తగా కూడా అనిపించవు.

నెలనెలా ఏం పని?

నెలకో ఎపిసోడ్ అంటే వినడానికి తేలిక. ఒకసారి లెక్క వేద్దాం. ఒక్కో భాగం కొన్ని పేజీలే. అందులో మొదట పోయిన నెల కథ నాలుగు ముక్కల్లో చెప్పాలి, ఎందుకంటే పిల్లాడు నెల రోజుల్లో సగం మర్చిపోతాడు. తర్వాత కథ ముందుకు జరగాలి. చివర్లో హీరోని ఏదో ఒక ప్రమాదంలో వదిలేయాలి. పోయిన నెల పెట్టిన ప్రమాదం నుంచి ఈ నెల న్యాయంగా బయటికి తేవాలి. మోసం చేస్తే పిల్లలు వెంటనే పట్టేస్తారు. ఒక భాగం అచ్చయి వెళ్లిపోయాక దాన్ని దిద్దడం కుదరదు. మనం కోడ్‌లో తప్పుంటే రాత్రికి రాత్రి మార్చి మళ్లీ పెడతాం, ఆయనకి ఆ సౌకర్యం లేదు.

ఇంకో కండిషన్ బొమ్మ. దాసరి గారి సీరియళ్లకు ఎక్కువగా బొమ్మలు వేసింది "చిత్ర" గారు, అసలు పేరు టి.వి. రాఘవన్. రచయిత ప్రతి భాగంలోనూ బొమ్మకి పనికొచ్చే సన్నివేశాలు పెట్టాలి: ఎగిరే జంతువు, ఒంటికన్ను మాంత్రికుడు, బల్లెం విసురుతున్న యోధుడు. పైగా చందమామ చాలా భారతీయ భాషల్లో వచ్చేది, అన్నిటికీ బొమ్మలు అవే. అంటే తెలుగు పలుకుబడి మీద మాత్రమే నిలబడే కథ పనికిరాదు. సంఘటన బలంగా ఉండాలి.

దాసరి గారి టెక్నిక్ ఒకటి గమనించండి. ఆయన హీరోలు చాలాసార్లు ఇద్దరు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. ఇద్దరుంటే ఏం లాభం? ఒకడు ఆపదలో పడితే ఇంకొకడు కాపాడొచ్చు. ఇద్దరూ మాట్లాడుకుంటుంటే కథ నడుస్తుంది, రచయిత మధ్యలో దూరి వివరించే పని తగ్గుతుంది. వాళ్లు విడిపోతే సస్పెన్స్ డబుల్. ఏళ్ల తరబడి ఆగకుండా సీరియల్ నడపాలంటే ఇలాంటి గట్టి డిజైన్ అవసరం.

పేరు తెలియని అభిమానం

ఇప్పుడు అసలు విషయం. చందమామలో బయటి నుంచి పాఠకులు పంపిన కథలకు వాళ్ల పేర్లు వేసేవాళ్లు. ఆఫీసులో పనిచేసేవాళ్లు రాసినవాటికి పేరుండేది కాదు. బొమ్మ మూలన మాత్రం "చిత్ర" అనో "శంకర్" అనో సంతకం కనిపించేది. కాబట్టి పిల్లలకి బొమ్మ వేసినాయన పేరు తెలుసు. కథ రాసినాయన పేరు తెలీదు.

అయినా అభిమానం ఆగలేదు. దీనికి ఒక మంచి ఉదాహరణ కుటుంబరావు గారి అబ్బాయి రోహిణీప్రసాద్ గారు రాశారు. చక్రపాణి గారికి ఈ మాంత్రికుల సీరియళ్లు పెద్దగా నచ్చేవి కావట. ఒక దశలో అవి ఆపి, బంకించంద్రుడి "దుర్గేశనందిని" వేశారు, దాని తర్వాత "నవాబునందిని" అనే ఇంకో సీరియల్ వేశారు. కానీ పాఠకులు పాత రకం సీరియలే కోరుకున్నారు. దాంతో "పాతాళదుర్గం" మొదలైంది. ఓనర్ అభిరుచికి ఎదురుగా ఒక రచయితని పాఠకులు వెనక్కి తెచ్చుకున్నారన్నమాట, ఆయన పేరేంటో కూడా తెలియకుండా!

ఆయనెవరో ఎక్కువమంది అభిమానులకు తెలిసేసరికి ఆయన పెద్దవారైపోయారు. 2010 జనవరిలో చనిపోయారు. ఆ తర్వాత వాహిని బుక్ ట్రస్ట్ లాంటివాళ్లు ఆ సీరియళ్లను పుస్తకాలుగా తెచ్చారు, అట్ట మీద ఆయన పేరుతో. చిన్నప్పుడు నెలనెలా చదివినవాళ్లు ముసలితనంలో ఆ పేరు మొదటిసారి చూశారు.

బ్యాట్‌మ్యాన్‌కీ ఇదే కథ

ఇది మన దగ్గరే జరిగిందనుకోకండి. బ్యాట్‌మ్యాన్ 1939లో వచ్చాడు. దశాబ్దాల పాటు సృష్టికర్తగా బాబ్ కేన్ పేరొక్కటే వేశారు. నల్లటి కేప్, తొలి కథలు, ఇంకా చాలా విషయాల్లో చెయ్యి ఉన్న రచయిత బిల్ ఫింగర్. ఆయన సంగతి 1960ల్లో బయటపెట్టింది అభిమానులే. ఫింగర్ 1974లో చనిపోయారు. అధికారికంగా ఆయన పేరు పక్కన చేరింది 2015లో, అదీ అభిమానులు, పరిశోధకులు, కుటుంబం గట్టిగా అడిగాక. అంటే 41 ఏళ్లు లేటు.

రెండిటికీ తేడా కూడా చూడాలి. అక్కడ ఒకరి క్రెడిట్ ఇంకొకరికి పోయింది. చందమామలో అలా ఎవరూ దాసరి గారి పేరు కొట్టేయలేదు, పత్రిక మొత్తం ఒకే గొంతుతో మాట్లాడాలన్న పద్ధతి అది. కానీ రచయిత వైపు నుంచి చూస్తే ఫలితం దాదాపు ఒకటే.

"కథ బాగుంటే చాలదా, పేరెందుకు?"

డిస్కషన్‌లో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. మా ఆళ్లగడ్డ శిల్పులనే ఉదాహరణ చెప్తారు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వస్తే రోడ్డు పక్కన శిల్పశాలలు, సగం చెక్కిన నంది, ఆంజనేయస్వామి కనిపిస్తాయి. ఆ విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్లకో పోతాయి. దణ్ణం పెట్టుకునేవాళ్లకి చెక్కినాయన పేరు తెలీదు. మరి ఆయన బాధపడుతున్నాడా అంటారు.

కరెక్టే. కానీ విగ్రహం చేయించుకున్న ఊరివాళ్లకి శిల్పి తెలుసు. పక్క ఊరివాళ్లు "ఎవరు చేశారబ్బా?" అని అడిగితే చెప్తారు, వాళ్లూ వెతుక్కుంటూ ఆళ్లగడ్డ వస్తారు. రాయి మీద పేరు లేకపోయినా మెచ్చుకోలు ఆయన్ని చేరుతుంది. దాసరి గారికి ఆ దారి లేదు. పిల్లాడు ఉత్తరం రాసినా చందమామకి రాస్తాడు, ఆయనకి రాయలేడు.

కాబట్టి నా ఉద్దేశంలో పేరు అనేది అడ్రస్. గొప్ప చెప్పుకోవడానికి మాత్రమే కాదు, చదివినవాడి సంతోషం ఎక్కడికి చేరాలో చెప్పడానికి. గిట్‌లో ప్రతి మార్పు పక్కన చేసినవాళ్ల పేరు, తేదీ ఉంటాయి కదా. డౌట్ వస్తే ఎవర్ని అడగాలో, బాగుంటే ఎవరికి థ్యాంక్స్ చెప్పాలో తెలుస్తుంది. అంతే.

మన క్లబ్‌కి రెండు పనులు

1. మన ఈ-మ్యాగజైన్‌లో ఇకనుంచి రాసినవాళ్ల పేరుతో పాటు బొమ్మ వేసినవాళ్లు, టైప్ చేసినవాళ్లు, ప్రూఫ్ చూసినవాళ్ల పేర్లూ వేద్దాం. ఒక్క లైనే కదా పట్టేది.

2. ప్రాక్టీస్: నాలుగు భాగాల సీరియల్ రాయండి. ఒక్కో భాగం రెండు పేజీలు దాటకూడదు. హీరోలు ఇద్దరు ఉండాలి. ప్రతి భాగంలో బొమ్మకి పనికొచ్చే సీన్ ఒకటైనా ఉండాలి. మొదటి భాగం పంపాక దాన్ని మార్చడానికి వీల్లేదు. అప్పుడు తెలుస్తుంది ఆయన నెలనెలా ఏం చేశారో.

మొదటి భాగాలు వచ్చే సంచికలో వేస్తాం. పంపేటప్పుడు మీ పేరు, బ్రాంచ్, సంవత్సరం రాయడం మర్చిపోవద్దు.