ఒకేసారి రెండు స్వరములు

చదువవలసిన భాగములు: సామెతలు 26:4, 5; కీర్తన 22; లూకా 15:11–32

మేమెరిగిన యొక గ్రామసంఘములో కొన్ని సంవత్సరముల క్రిందట కోతపండుగ ఆరాధన జరిగెను. బల్ల ముందర వడ్లబస్తాలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు అర్పణగా పెట్టబడియుండెను. ఆ యేడు మెరక పొలములు బాగుగా పండినవి. పల్లపు పొలములు వరదలో మునిగిపోయినవి. అందరు నిలిచి కృతజ్ఞతాకీర్తన పాడుచుండగా, పల్లపు చేను పోయిన యింటి ముసలామె వెనుక వరుసలో బిగ్గరగా ఏడ్చెను. సంఘపెద్ద యొకరు ఆమెయొద్దకు వచ్చి, "పెద్దమ్మా, పండుగపూట ఏడవగూడదు. కాసేపు అరుగు మీద కూర్చో" అని లేపి పంపిరి. ఆయన కఠినుడు కారు. పాట చెడిపోవునని ఆయన భయము. మేమును అక్కడనే యుండి, ఆపక పాడుచునే యుంటిమి.

స్తుతియు ఏడ్పును ఒకే గుడిలో ఒకేసారి వినబడినయెడల నిజముగా పాట చెడునా? ఈ ప్రశ్న మమ్మును విడువలేదు. పాటను గూర్చిన భయమునకు జవాబు పాటలోనే వెదకుట మేలని తోచి ఈ నెల పాఠము వ్రాయుచున్నాము.

మొదట రెండు సంగతులను వేరుపరచుకొందము. నల్లని మబ్బు ముందు తెల్లకొంగ యెగిరినప్పుడు అది మరింత తెల్లగా కనబడును. ఇది వ్యత్యాసము. ఒకదానిని బాగుగా చూపుటకు దానికి విరుద్ధమైనదానిని ప్రక్కన నిలుపుట దీని పని. రెండవది పాశ్చాత్య సంగీతములోనిది. దానిని కౌంటర్‌పాయింట్ అందురు. లాటిను భాషలో ఈ మాటకు మూలార్థము 'చుక్కకెదురు చుక్క'; ఏలయనగా పూర్వము స్వరములను చుక్కలుగా వ్రాసెడివారు. ఇందులో రెండు గాని అంతకెక్కువ గాని రాగములు ఒకేసారి నడచును. ఒకటి పాట, తక్కినవి దానికి తోడు అని కాదు. ప్రతిదానికి దాని నడక యుండును, అయినను కలిసి వినునప్పుడు పొసగవలెను.

మన కీర్తనలలో ఈ పద్ధతి లేదు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తన పాడునప్పుడు అందరము ఒకే రాగము పట్టుకొందుము. హార్మోనియము దానినే వాయించును. అది మన సంగీతపు సొంపే గాని కొరత కాదు. పట్టణపు గుడులలో నాలుగు స్వరములతో పాడు బృందములున్నవి గాని, సాధారణముగా అక్కడను తక్కిన మూడు స్వరములు పై రాగముతో అడుగులో అడుగు వేయును. కౌంటర్‌పాయింట్ అట్టిది కాదు. ఇద్దరు స్త్రీలు ఒకే రోటిలో రెండు రోకళ్లతో దంచుట మనలో పెద్దవారు చూచియే యుందురు. ఒకటి లేచునప్పుడు రెండవది పడును. రెండును తగులుకొనవు, ఏదియు ఆగదు. పోలిక పూర్తిగా సరిపోదు గాని, ఊహించుకొనుటకు చాలును.

ఈ విద్యలో మిక్కిలి పేరుపొందినవాడు జర్మనీ దేశస్థుడైన యోహాన్ సెబాస్టియన్ బాఖ్ (1685–1750). పదియేండ్లు నిండకముందే ఆయన తలిదండ్రులిద్దరిని పోగొట్టుకొనెను. తరువాత తనకు పుట్టిన ఇరువదిమంది బిడ్డలలో పదిమంది మాత్రమే పెరిగి పెద్దవారైరి. దుఃఖమును పుస్తకములలో చదివి నేర్చుకొన్నవాడు కాడు. 1723లో లైప్‌జిగ్ నగరమునకు వచ్చి, అక్కడి దేవాలయములకు సంగీతము కూర్చు పనిలో మరణమువరకు ఉండెను. మత్తయి సువార్త 26, 27 అధ్యాయములను ఆయన గానముగా కూర్చెను. ఇది 1727 శుభశుక్రవారమున పరిశుద్ధ తోమా దేవాలయములో మొదట పాడబడెనని పండితుల అభిప్రాయము.

ఆ గానపు మొదటి పాటను గూర్చి కొంచెము నిదానించి చెప్పవలెను. రెండు గాయకబృందములు, రెండు వాద్యబృందములు ఎదురెదురుగా నుండును. మొదటి బృందము, విలపించుటకు రండని పిలుచును. రెండవ బృందము ఎవరిని చూడవలెను, ఎట్లు, ఎక్కడ అని నడుమ నడుమ ప్రశ్నించును. ఇదంతయు దుఃఖఛాయగల స్వరక్రమములో బరువుగా నడచుచుండగా, పైనుండి మూడవ స్వరము లేచును. అది సాధారణముగా బాలురు పాడునది. అప్పటి సంఘమువారందరు ఎరిగిన పాతకీర్తన, దేవుని గొర్రెపిల్లను గూర్చినది. నెమ్మదిగా, ప్రకాశమైన స్వరక్రమములో సాగును. బాలురు పాడుచున్నారని ఏడ్చువారు ఆపరు. క్రింద ఏడ్పు వినబడుచున్నదని బాలురు తడబడరు. హార్మోనియము వాయించు సహోదరులకు ఒక మాట చెప్పుదుము: ఆ దుఃఖక్రమమునకును ఈ ప్రకాశక్రమమునకును మూలమైన మెట్లు అవే ఏడు, ఆధారషడ్జము మాత్రమే వేరు. 1736 ప్రాంతమున బాఖ్ తన చేతితో వ్రాసిన శుద్ధప్రతిలో సువార్త మాటలను, ఈ పాతకీర్తనను ఎఱ్ఱసిరాతో వ్రాసెను.

ఆయన వ్యత్యాసమును ఎరుగనివాడు కాడు. ఇదే గానములో ప్రభువు మాటలాడినప్పుడెల్ల తంతివాద్యములు ఆ మాటలచుట్టు వెలుగువలె మ్రోగును. సిలువపై దేవుడు విడిచెనని కేకవేసిన ఆ యొక్క చోట మాత్రము తంతులు మౌనముగా నుండును. అక్కడ రెండు స్వరములు పనికిరావు, ఒంటరితనమే కావలెను. బాఖ్ చనిపోయిన తరువాత ఈ గానము చాలకాలము మరుగున పడియుండగా, 1829లో ఇరువదియేండ్ల మెండెల్‌సాన్ బెర్లినులో దానిని మరల పాడించెను.

ఇక వాక్యభాగములకు వత్తము. హెబ్రీ కవిత్వములో ఒక పాదమునకు ఎదురుగా మరియొక పాదమును నిలుపుదురని ఇంగ్లాండు దేశపు రాబర్ట్ లౌత్ 1753లో ప్రచురించిన ఉపన్యాసములలో వివరించెను. సామెతలు 10 మొదలు 15వరకు చూడుడి: నీతిమంతుడొక ప్రక్క, భక్తిహీనుడొక ప్రక్క. ఇది కొంగయు మబ్బును వంటి వ్యత్యాసము. దీనికి అలవాటుపడి మనము బైబిలంతటిని ఇట్లే చదువుచున్నామని మా అనుమానము.

అయితే 26వ అధ్యాయము 4, 5 వచనములలో ఏమున్నది? మూర్ఖునికి వాని మూర్ఖతచొప్పున ప్రత్యుత్తరమియ్యవద్దని ఒకటి, ఇమ్మని రెండవది, నడుమ ఒక్క మాటయైన లేక. ఇట్టి విరుద్ధపు మాటలవలన సామెతల గ్రంథమునే మరుగుపరచవలెనని కొందరు తలంచిరని యూదుల తల్మూదులో నున్నది. చివరకు ఒకటి ధర్మశాస్త్ర విషయములకు, మరియొకటి లోకవిషయములకు అని పంచిరి. ఆ పంపకముకంటె, కూర్చినవాడు రెండింటిని ప్రక్కప్రక్కనే యుంచి చదువరికి పని పెట్టెననుట మాకు నచ్చును. కీర్తన 22 విడువబడినవాని మొరతో మొదలై, 22వ వచనమునుండి సమాజములోని స్తుతికి తిరుగును. కీర్తన 88 అట్లు తిరుగదు, చీకటిలోనే ముగియును. ఒకటి వెలుగునొద్దకు వచ్చెనని రెండవదానిని ఎవరును తీసివేయలేదు. ఒకే పుస్తకములో రెండును ఉన్నవి.

తప్పిపోయిన కుమారుని కథను కూడ మనము వ్యత్యాసముగానే చదువుదుము: తిరిగివచ్చినవాడొకడు, సణిగినవాడొకడు. హాలెండు చిత్రకారుడు రెంబ్రాంట్ (1606–1669) దీనిని వేరుగా చూచెను. తన చివరి సంవత్సరములలో వేసిన ఆ పటము ఎనిమిది అడుగులకు మించిన ఎత్తుగలది. ఇప్పుడు రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరమున హెర్మిటేజ్ అను చిత్రశాలలో నున్నది. చాలభాగము చీకటి. తండ్రి వంగి, మోకాళ్లూనిన చిన్నవాని వీపుమీద రెండు చేతులు వేసియున్నాడు. చిన్నవాని తల గొరిగియున్నది. ఒక కాలి చెప్పు ఊడి అరికాలు కనబడుచున్నది. కుడిప్రక్కన ఎఱ్ఱని పైవస్త్రముతో, కఱ్ఱ పట్టుకొని నిటారుగా నిలిచినవాడు పెద్దకుమారుడని సాధారణముగా చెప్పుదురు.

లూకా చెప్పినచొప్పున ఆ ఘడియలో పెద్దవాడు పొలములో నున్నాడు, తరువాతనే వచ్చెను. కథలో ఒకదాని వెనుక ఒకటి జరిగినదానిని చిత్రకారుడు ఒకేసారి చూపెను. మరియొక సంగతి: పెద్దవానిని చీకటిలోనికి నెట్టలేదు. తండ్రి ముఖముమీద పడిన వెలుగే అతని ముఖముమీదను పడినది. ఎఱ్ఱని వస్త్రము తండ్రికిని ఉన్నది, అతనికిని ఉన్నది. అతని కష్టము, అతని నొప్పి ఆ పండుగను చెరుపునవిగా కాక, ఆ పటములో నొక భాగముగా నున్నవి.

పెద్దకుమారుడు ఇంటిని సమీపించి వాద్యములు వినెనని 25వ వచనములో చదువుదుము. గ్రీకు మూలములో అక్కడనున్న మాట సుంఫోనియా. స్వరములు కూడి మ్రోగుట అని దాని మూలార్థము. అది విని అతడు బయటనే నిలిచెను. తండ్రి పండుగ విడిచి బయటికి వచ్చి బతిమాలెను. అతడు లోపలికి వెళ్లెనో లేదో లూకా వ్రాయలేదు.

ఆ కోతపండుగ దినమున, పాట ముగిసినంతవరకు, మాలో ఎవరమును అరుగు మీదికి వెళ్లలేదు.