భూమి పత్రము - వంశవృక్షము

పూర్వుల పేరు ఒక పాత భూమి పత్రంలో కనిపించినప్పుడు వారసులకు రెండు ఆశలు కలుగుతాయి. ఒకటి ఆస్తి, రెండవది వంశగౌరవం. ఈ రెండింటినీ వేరువేరుగా పరీక్షించడం చరిత్ర విద్యార్థి ప్రథమ కర్తవ్యమని మేము భావిస్తాము. ఇందుకు అమెరికా తొలినాటి పత్రాలలో అనెకె యాన్స్ ఉదంతం చక్కని నిదర్శనం.

నేటి న్యూయార్కు ఆనాడు డచ్చివారి వలస. 1636లో గవర్నరు వాన్ ట్విల్లర్ మన్‌హటన్ ద్వీపంలో సుమారు 62 ఎకరాలను రూలోఫ్ యాన్సెన్‌కు ఇచ్చాడు. అతడు త్వరలోనే మరణించగా, భార్య అనెకె మతగురువు బొగార్డస్‌ను వివాహమాడింది. ఆయన కూడా 1647లో ఓడ ప్రమాదంలో మరణించాడు. 1654లో భూమి ఆమె పేర స్థిరపడింది. 1663లో ఆమె కాలధర్మం చెందింది.

ఇంగ్లీషు పాలన వచ్చిన పిదప, 1671లో, వారసులు ఆ భూమిని గవర్నరు లవ్‌లేస్‌కు విక్రయించారు. అయితే కుమారులలో ఒకడైన కొర్నేలియస్ శాఖవారు ఆ క్రయపత్రంలో చేరలేదు. 1705లో ఆన్ రాణి ప్రభుత్వం ఆ భూమిని ట్రినిటీ చర్చికి ధారాదత్తం చేసింది. నగరం పెరిగి పొలం బంగారమైంది. లేని ఆ సంతకాన్ని ఆధారం చేసుకొని తరతరాల వారసులు న్యాయస్థానాలకెక్కారు. 1847లో న్యాయస్థానం చర్చి యొక్క సుదీర్ఘ స్వాధీనానుభవాన్ని గుర్తించి వ్యాజ్యాన్ని త్రోసిపుచ్చింది.

అయినను ఆశ చావలేదు. అనెకె ఆరెంజ్ ప్రభువు విలియం మనుమరాలనియు, హాలండులో ఆమె సంతతికై రాజధనం నిలువ ఉన్నదనియు ఒక కథ పుట్టింది. దానిని నమ్మి ఎందరో సామాన్యులు వారసుల సంఘాలకు రుసుములు చెల్లించి నష్టపోయారు.

పత్రాలు చెప్పేది వేరు. ఆంస్టర్‌డాంలో 1623 నాటి వివాహ నమోదు ఆమెను నార్వేలోని ఫ్లెక్కెరోయ్‌కు చెందినదిగా పేర్కొంటున్నది. ఆమె తల్లి వలసలో మంత్రసాని. 1663 నాటి వీలునామాలో బిడ్డల పేర్లున్నాయి కనుక ఆమె నుండి క్రిందికి వంశాన్ని నిరూపించవచ్చును. పైకి, రాజు వరకు, నిచ్చెన వేయడానికి ఒక్క మెట్టు కూడా లేదు.

పట్టా భూమి ఎవరి చేతిలో ఉన్నదో చెబుతుంది, ఎవరి రక్తమో చెప్పదు. వంశనిర్ణయానికి తరానికొక సాక్ష్యం కావాలి. అయినా సముద్రం దాటి, ఇద్దరు భర్తలను పోగొట్టుకొని, బిడ్డలను పెంచి, భూమిని నిలుపుకొన్న ఆ స్త్రీ గౌరవానికి రాజు తాత కానక్కరలేదు.